ఒడ్డుకి పద్దెనిమిది అడుగులు

ఈ ఊరి మునిసిపల్ ఆఫీసులో సర్వే పనికి చేరిన రెండో ఏడాది, మే నెలలో, నేనొక కొలత తప్పుగా రాశాను. పొరపాటున కాదు. తెలిసే రాశాను.

ఊరు విన్నిపెగ్ నగరానికి ఉత్తరాన, కారులో గంట దూరంలో ఉంది. పడమర కనోలా అనే నూనెగింజల పొలాలు, తూర్పున సరస్సు. సరస్సంటే అవతలి ఒడ్డు కనిపించనంత పెద్దది. నీళ్ళు పలచటి టీ రంగులో ఉంటాయి. సరస్సు పేరూ విన్నిపెగే; ఆ మాటకి ఇక్కడి ఆదివాసుల భాషలో బురదనీళ్ళని అర్థమట. వాళ్ళ తర్వాత ఐస్‌లాండ్ నుంచి చేపలు పట్టేవాళ్ళు వచ్చారు. ఆ తర్వాత రైలు వచ్చింది. రైలుతో పాటు వేసవి వచ్చిందంటారు మా సూపర్‌వైజర్. నగరంలో ఉక్కపోతకి తాళలేని జనం పొద్దున్నే రైలెక్కి వచ్చి, సాయంత్రం దాకా నీళ్ళలో మునిగి, డాన్స్ హాల్లో నాలుగు పాటలకి ఆడి, ఆఖరి బండికి వెళ్ళిపోయేవారట. ఇప్పుడు రైలూ లేదు, డాన్స్ హాలూ లేదు. పట్టాలు పీకేసిన దారిలో జనం కుక్కల్ని తిప్పుతుంటారు. గట్టు పొడుగునా కట్టుకున్న వేసవి కాటేజీలు మాత్రం మిగిలాయి.

నేను కాకినాడలో సివిల్ డిప్లొమా చేసి, రెండేళ్ళు రోడ్ల సర్వేలో పనిచేశాను. పెళ్ళయ్యాక విన్నిపెగ్ వచ్చాం. మా ఆయన హాస్పిటల్ ల్యాబ్‌లో చేరాడు. నేను మూడేళ్ళు ఒక షాపులో కౌంటర్ దగ్గర నిలబడి, కనిపించిన ప్రతి ఉద్యోగానికీ అప్లై చేశాను. పిలిచింది ఈ ఊరొక్కటే. మా ఆయన రోజూ నగరానికి డ్రైవ్ చేయడానికి ఒప్పుకోవడంతో, మా అమ్మాయితో కలిపి ముగ్గురం ఇక్కడికి మారాం.

నా పనుల్లో ఒకటి గట్టు కొలవడం. ఏటా సరస్సు మీద మంచు కరిగాక ఒడ్డునున్న ప్రతి కాటేజీకీ వెళ్ళి, ఇంటికీ గట్టు అంచుకీ మధ్య ఎన్ని అడుగులుందో రాసుకురావాలి. ఇరవైకి తగ్గితే ఇల్లు ఖాళీ చేయాలి, లేదా వెనక్కి జరపాలి. అదీ ఊరి నియమం.

గట్టు ఎందుకు విరుగుతుందో మా సూపర్‌వైజర్ మొదటి వారమే చెప్పారు. ఆయన ఐస్‌లాండ్ నుంచి వచ్చిన చేపలవాళ్ళ మనవడు, రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ మనిషి. మధ్యాహ్నం భోజనాల దగ్గర సూప్ గిన్నె కింద ఒక పక్క చెంచా దూర్చారు. సూప్ రెండో పక్క అంచుదాకా వచ్చింది.

"ఇదీ మన సరస్సు. ఒకప్పుడు ఈ నేలంతా కొండంత మంచు కింద అణిగి ఉండేది. మంచు పోయి వేల ఏళ్ళయినా నేల ఇంకా లేస్తూనే ఉంది. ఉత్తరాన ఎక్కువ లేస్తోంది, దక్షిణాన తక్కువ. అందుకని నీళ్ళు మన వైపుకి ఒరుగుతాయి. దానికి తోడు ఉత్తరగాలి వీచిందనుకో, వానచుక్క పడకుండానే ఇక్కడ నీళ్ళు పొంగుతాయి."

నేను గిన్నెవైపే చూస్తూ కూర్చున్నాను. నేను పుట్టింది ఉప్పాడ పక్కన. ఒడ్డు కరగడమంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నాకు పదేళ్ళప్పుడు మా పెద్దమ్మ ఇల్లు సముద్రంలో కలిసింది. కలవడానికి ముందు వారం ఆమె తలుపులూ కిటికీలూ ఊడదీయించి ఎడ్లబండి మీద వేయించింది. బండి వెనక నడుస్తూ ఒక్కసారి కూడా ఏడవలేదు. నేను మాత్రం ఏడ్చాను.

గట్టు వరసలో చివరి కాటేజీ ఒక పెద్దావిడది. ఎనభై దాటాయి. భర్త పోయాడు, పిల్లల్లేరు. చలికాలమంతా నగరంలో అపార్ట్‌మెంట్‌లో గడిపి, మే నెల రాగానే ఇక్కడ వాలిపోతుంది. తెల్ల పెయింటు వేసిన రెండు గదుల చెక్క ఇల్లు, సరస్సు వైపు దోమతెర కట్టిన వరండా. మొదటి ఏడాది నేను టేపు పట్టుకుని వెళ్ళినప్పుడు తలుపు తీసి, "గట్టు ఎక్కడికీ పోదు డియర్, ముందు టీ తాగు" అంది. ఆ తర్వాత అటు వెళ్ళినప్పుడల్లా ఆగేదాన్ని.

వాళ్ళ నాన్న ఉక్రెయిన్ నుంచి వచ్చి నగరంలో రైల్వే యార్డులో పనిచేశాడట. కాస్త డబ్బు కూడబెట్టి కాటేజీ కోసం స్థలం అడిగితే, మంచి ఒడ్లలో అమ్మమన్నారట.

"మా ఇంటిపేరు చూసి" అంది ఆవిడ నవ్వుతూ. "పైకి చెప్పరు. స్థలాలు అయిపోయాయంటారు. ఎవరూ తీసుకోని చివరి ముక్క మాకిచ్చారు. గాలి తిన్నగా కొట్టే చోటు. మా నాన్న యార్డు నుంచి పాత చెక్కలు తెచ్చి తనే కట్టాడు. శుక్రవారం సాయంత్రం రైల్లో వచ్చేవాడు, చేతికి మసి కూడా వదిలేది కాదు. బట్టలతోనే నీళ్ళలోకి దిగేవాడు."

రెండో ఏడాది మేలో వరండా స్తంభం నుంచి టేపు లాగితే పద్దెనిమిది అడుగులు వచ్చింది. మళ్ళీ లాగాను. పద్దెనిమిదే. ఆవిడ దోమతెర వెనక నిలబడి చూస్తోంది.

"ఎంత?" అని అడిగింది.

"ఆఫీసుకి వెళ్ళి చూడాలి" అన్నాను.

ఆవిడ దోమతెర మీద చెయ్యి ఆనించింది. తర్వాత మెల్లగా, "ఒకసారి పొమ్మంటే ఇక్కడికొచ్చాం. ఇక్కణ్ణుంచి కూడా పొమ్మంటే నాకు చాతకాదు" అంది.

ఫారంలో "ఇంటి అంచు నుంచి" అనే ఉంది. వరండా ఇంట్లో భాగమా కాదా అన్నది లేదు. లోపలి గోడ నుంచి కొలిస్తే ఇరవై ఆరు. కారులో కూర్చుని ఇరవై ఆరు అని రాశాను. ఇంటికెళ్ళాక మా ఆయన నా ముఖం చూసి, "ఏమైంది, అట్ల కూర్చున్నవేంది?" అన్నాడు. ఆయనది కరీంనగర్. చెప్పాను.

"నీ ఉద్యోగం కొలవడం. ఆమె ఉండాలా, పోవాలా అన్నది నువ్వు డిసైడ్ చేసేది కాదు కదా" అన్నాడు.

"ఒక్క వేసవే కదండీ. వచ్చే ఏడాది సరిగ్గా రాస్తాలెండి" అన్నాను.

అక్టోబర్‌లో ఉత్తరగాలి రెండు రోజులు ఆగకుండా వీచింది. ఆ సమయానికి ఆవిడ నగరానికి వెళ్ళిపోయి ఉండాలి. ఆ ఏడు ఎండలు బాగున్నాయని ఉండిపోయింది. మూడో రోజు తెల్లారగానే సూపర్‌వైజర్, నేను ట్రక్కులో గట్టు మీదుగా బయల్దేరాం. మొదటి కాటేజీల దగ్గర మెట్లు కొట్టుకుపోయాయి, అంతే. చివరి కాటేజీ దగ్గర ట్రక్కు పూర్తిగా ఆగకముందే దిగేశాను. వరండా సగం విరిగి గట్టు మీద నుంచి కిందికి వేలాడుతోంది. దోమతెర గాలికి కొట్టుకుంటోంది. కింద నీళ్ళలో ఆవిడ కూర్చునే బెంచీ తేలుతోంది.

వీధి వైపు తలుపు తోశాం. ఆవిడ వంటగదిలో కోటు వేసుకుని, హ్యాండ్‌బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చునుంది. మమ్మల్ని చూసి నవ్వబోయింది. "పెద్ద చప్పుడైంది" అంది. నేను చెయ్యి పట్టుకుని లేపితే చేయి మంచుముక్కలా ఉంది. మా ఇంటికి తీసుకెళ్ళి, మా అమ్మాయి గదిలో పడుకోబెట్టి, దుప్పట్లు కప్పి వచ్చాను.

తిరిగి ట్రక్కు ఎక్కాక సూపర్‌వైజర్‌తో అన్నాను. "మేలో నేను తప్పు రాశాను. వరండా నుంచి పద్దెనిమిదే వచ్చింది."

ఆయన బండి స్టార్ట్ చేయలేదు.

"ఆ వరండా ఎక్కడుందో నాకు తెలీదనుకున్నావా?" అన్నారు. "చిన్నప్పుడు దానికి రంగు వేసినవాణ్ణి. నీ ఫారం మీద సంతకం పెట్టింది నేను. ఇరవై ఆరు చూశాను, సంతోషించాను, పెట్టాను."

"ఇప్పుడేం చేద్దాం?"

"కౌన్సిల్‌కి ఇద్దరం రాద్దాం. నువ్వు నీది రాయి. నేను నాది రాస్తాను."

మర్నాడు పొద్దున ఉప్మా చేసి పెట్టాను. ఆవిడ చెంచాతో కాస్త తీసుకుని, "మా అమ్మ ఇదే రవ్వ పాలలో ఉడికించి పంచదార వేసేది. మీరు ఆవాలు వేశారే!" అంటూ తింది. మా అమ్మాయి పక్కనే కూర్చుని ఆవిడ చిన్నప్పటి స్కూలు కబుర్లు వింటోంది. అంతా బాగుంది. ఆ బాగుండటమే నాకు మింగుడు పడలేదు. అమ్మాయిని స్కూలుకి పంపి, ఎదురుగా కూర్చుని జరిగింది చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంటుందని, పోనీలే డియర్ అంటుందని లోపల ఎక్కడో అనుకుంటున్నాను కాబోలు.

ఆవిడ చెంచా కింద పెట్టింది.

"నేను నిన్ను అడిగానా?"

"లేదు."

"ఎంత అని అడిగాను. నువ్వు చెప్పలేదు. పద్దెనిమిది అని చెప్పి ఉంటే నీమీద అరిచేదాన్ని. కౌన్సిల్‌కి వెళ్ళి అక్కడా అరిచేదాన్ని. జూన్ అంతా ఏడ్చేదాన్ని. జూలైలో ఇల్లు జరిపేవాళ్ళకి ఫోన్ చేసేదాన్ని. వరండాతో సహా జరిపించుకునేదాన్ని. అది మా నాన్న చేతులతో కట్టింది. నీ జాలి వల్ల అది పోయింది."

ఆవిడ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ సాయంత్రం నగరంలో ఉన్న స్నేహితురాలికి ఫోన్ చేసి, ఆమె కారులో వెళ్ళిపోయింది. వెళ్తూ మా అమ్మాయికి మాత్రం వీడ్కోలు చెప్పింది.

జాలి అన్న ఆవిడ మాట ఎన్నో రోజులు నాలో తిరుగుతూనే ఉంది. మా పెద్దమ్మ గుర్తొచ్చేది. నేను ఏడ్చిన సంగతే ఇన్నాళ్ళూ నా మనసులో ఉంది. ఆమె ఏం చేసిందో ఎప్పుడూ ఆలోచించలేదు. వారం ముందే తెలుసుకుంది, మనుషుల్ని పిలిచింది, తలుపులు ఊడదీయించింది. ఆమెకి ఆ వారం దక్కింది. నేను ఈవిడకి దక్కాల్సిన వేసవంతా తీసేసుకున్నాను, మంచిదాన్ననుకుంటూ.

కౌన్సిల్ నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు. నాకూ, సూపర్‌వైజర్‌కీ మందలిస్తూ ఉత్తరాలిచ్చారు. ఫారంలో "వరండాతో కలిపి" అన్న మాట చేర్చారు. ఆవిడ స్థలం ఊరికి తీసుకుని, బదులుగా మూడో వీధిలో ఖాళీ స్థలం ఇస్తామన్నారు. ఆవిడ ఒప్పుకుంటూ పంపిన కాగితం నా టేబుల్ మీదికే వచ్చింది. అందులో నా గురించి ఏమీ లేదు.

ఫిబ్రవరిలో, నేల రాయిలా గడ్డకట్టాక, ఇల్లు జరిపేవాళ్ళు వచ్చారు. వరండా మిగిలిన సగం కోసేశారు. ఇంటి కింద జాకీలు పెట్టి అంగుళం అంగుళం లేపి, ఇనుప దూలాలు దూర్చి, పొడవాటి ట్రక్కు మీదికి ఎక్కించారు. ఆవిడ నగరం నుంచి టాక్సీలో వచ్చి రోడ్డు మీద నిలబడింది. చలికి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. నేను కారు పక్కన ఆపి తలుపు తీశాను. ఒక నిమిషం నన్ను చూసి, ఎక్కి కూర్చుంది.

ఇల్లు మనిషి నడిచేంత మెల్లగా కదిలింది. కరెంటువాళ్ళు ముందు నడుస్తూ తీగలు పైకెత్తుతున్నారు. వెనక మా కారు. బేకరీ నడిపే ఆవిడ అద్దం తట్టి రెండు కాఫీలు ఇచ్చి వెళ్ళింది. మలుపు దగ్గర ఇల్లు కాస్త వంగినట్టయింది. ఆవిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇల్లు మళ్ళీ నిటారుగా నిలిచాక కూడా వదల్లేదు.

"వంటగదిలో కప్పులు తీయలేదు" అంది. "పగిలితే నీ తప్పే."

"నా తప్పే" అన్నాను.

ఒక్క కప్పు కూడా పగల్లేదు.

మూడో వీధి నుంచి సరస్సు కనిపించదు. మొదటి వేసవి ఆవిడ రోజూ ఆ సంగతి మీద సణిగింది. అయితే అక్కడ ఊరి నీటి గొట్టం ఉంది, గట్టు మీది కాటేజీలకి లేనిది. ఇల్లు వెచ్చగా చేయించుకుంటే ఏడాదంతా ఉండొచ్చు. సెప్టెంబర్‌లో గోడల్లో చలి ఆపే దూది లాంటిది కూరించింది, హీటర్ పెట్టించింది. నగరంలో అపార్ట్‌మెంట్ వదిలేసింది.

ఆ జనవరిలో ఒక ఆదివారం, "మంచు మీదికి తీసుకెళ్ళు" అని ఫోన్ చేసింది. మా ఆయన, అమ్మాయి, నేను ఆవిడని కారులో ఎక్కించుకుని, గడ్డకట్టిన సరస్సు మీదనే డ్రైవ్ చేస్తూ, చేపలు పట్టడానికి మంచు మీద సూపర్‌వైజర్ వేసుకున్న గుడిసె దగ్గరికి వెళ్ళాం. అప్పటికి ఆయన రిటైరయ్యారు. మంచులో రంధ్రం తొలిచి, గాలం వేసి కూర్చున్నారు. ఆవిడ మడత కుర్చీలో కూర్చుని ఒడ్డు వైపు చూసింది. కాటేజీలన్నీ మూసి ఉన్నాయి. వాటి వెనక వీధుల్లో అక్కడక్కడా పొగ లేస్తోంది.

"ఆ ఇళ్ళల్లో ఉండేవాళ్ళంతా ఎవరు?" అని అడిగింది.

సూపర్‌వైజర్ ఒక్కో పొగనీ వేలితో చూపిస్తూ చెప్పారు. స్కూలు బస్సు నడిపేవాడు. వృద్ధాశ్రమంలో పనిచేసే ఫిలిప్పీన్స్ దంపతులు. వలలు బాగుచేసే అన్నదమ్ములు, ఒకరితో ఒకరు మాట్లాడుకోనివాళ్ళు. ఆవిడ శ్రద్ధగా వింది.

"ఎనభై ఏళ్ళు వచ్చాను ఈ ఊరికి" అంది. "వీళ్ళెవరూ నాకు తెలీదు. సెప్టెంబర్‌లో తాళం వేసి వెళ్ళిపోతే ఊరికి కూడా తాళం పడుతుందనుకునేదాన్ని."

మా అమ్మాయి, "లుక్, ఇట్స్ మూవింగ్!" అని అరిచింది. గాలం ఊగుతోంది. సూపర్‌వైజర్ దాన్ని ఆవిడ చేతిలో పెట్టి, "లాగండి, లాగండి" అన్నారు. పికెరెల్ చేప, మోచేతంత ఉంది. ఇంటికి తెచ్చి చింతపండు వేసి పులుసు పెట్టాను. కారం ఆవిడకి ఎక్కువైంది. ముక్కు తుడుచుకుంటూనే రెండోసారి అడిగి వేయించుకుంది.