నల్లసామి మామ మోసపోయిన రోజు

నల్లసామి మామ ఎవరినీ నమ్మడు. విత్తనాల వ్యాపారిని నమ్మని రైతు మా నల్లరేగడి నేలలో ఇంటికొకడు ఉంటాడు, అది పెద్ద విశేషం కాదు. మామ కట్టుకున్న భార్యను కూడా, ఆవిడ ఆవిడేనని తేలితే తప్ప ఇంట్లోకి రానివ్వడు.

ఒకసారి వెంకటమ్మాళ్ అత్త సాత్తూరులో చెల్లెలింటికి వెళ్ళి, కొన్నాళ్ళుండి, మిట్టమధ్యాహ్నం తిరిగొచ్చింది. తలుపుకు లోపల గడియ.

"ఎవురది?"

"నేనే."

"ఊరంతా నేనే అంటాది. నేనే అంటే ఎవురు?"

"వెంకటమ్మాళ్. తలుపు తియ్యి, ఎండకు తల కాలతాండాది."

"నువ్వు వెంకటమ్మాళే అనేదానికి అత్తాట్చి ఏంది?"

అత్తాట్చి అంటే రుజువు. మామ నోట్లో ఊపిరి కన్నా ఎక్కువసార్లు ఆడే మాట అదే. అత్త నెత్తిన మూట కిందికి దించింది. పెళ్ళిలో తాళి కట్టేటప్పుడు మామ చేతులు వణికి సూత్రం ఎలా జారిపోయిందో, అక్క పెరియనాయగి తమ్ముణ్ణి తిట్టుకుంటూ ముళ్ళన్నీ తనే ఎలా వేసిందో వీధి వీధంతా వినిపించేలా చెప్పడం మొదలుపెట్టింది. సగంలోనే తలుపు తెరుచుకుంది.

"మెల్లిగ చెప్పగూడదా?" అన్నాడు మామ.

మా ఊరు తమిళనాడులో, కోవిల్‌పట్టికీ కళుగుమలైకీ మధ్య ఉంటుంది. బస్సు డ్రైవరుకు బుద్ధి పుడితే అక్కడ ఆగుతుంది. తొంభైల్లో ఊరికి టెలిఫోను వచ్చినప్పుడు మొదటి కనెక్షను మామకే. నారాయణన్ అనే లైన్‌మన్ తీగ చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. మామ అడగవలసింది అడిగాడు. అతను ఫొటో ఉన్న కార్డు చూపించాడు.

"కార్డు ఎవురైనా అచ్చేసుకుంటారు. ఉండు, మీ ఆపీసుకు పోను చేసి అడుగుతా."

"పోను పెట్టడానికే గదయ్యా నేను వొచ్చింది!"

అది నిజమేనని మామ ఒప్పుకున్నాడు. లైన్‌మన్‌ను అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, కాపలాకు అత్తను పెట్టి, తాను బస్సెక్కి కోవిల్‌పట్టి వెళ్ళి విచారించి సాయంత్రానికి తిరిగొచ్చాడు. అప్పటికి నారాయణన్ భోంచేసి నిద్రపోతున్నాడు. మామ అతణ్ణి తట్టి లేపి, "నువ్వు నువ్వే. తీగ లాగు" అన్నాడు.

ఫోను వచ్చాక మాకు కష్టాలు మొదలయ్యాయి. ఎవరు చేసినా మామ ముందుగా ఒకటే ప్రశ్న వేసేవాడు. "మా ఎర్రెద్దుకు ఏ పక్క కొమ్ము విరిగింది?" జవాబు చెప్పనిదే పెళ్ళి కబురైనా చావు కబురైనా వినడు. పెరియనాయగి కొడుకు ముత్తుకృష్ణన్ అగ్గిపెట్టెల లారీ డ్రైవరు. ఎక్కడో ఉత్తరాది నుంచి, ఎస్టీడీ బూత్‌లో మీటరు పరిగెడుతుంటే, "మామా, నేను! ఎద్దు సంగతి తరువాత!" అని అరుస్తుండేవాడు. "ఎద్దు సంగతి చెప్పు, తరువాత నువ్వు" అనేవాడు మామ. తుదకు ముత్తుకృష్ణన్ విసిగిపోయి సెల్‌ఫోను కొని, దాన్ని భార్య చిన్నతాయి చేతికిచ్చి లారీ ఎక్కాడు. కథంతా ఆ ఫోనుతోనే.

చిన్నతాయి మ్యాచ్ యూనిట్‌లో, అంటే అగ్గిపెట్టెల కార్ఖానాలో, లేబుళ్ళు అంటిస్తుంది. కూలి డబ్బు తన పేరనే బ్యాంకులో వేసుకుంటానని అత్తగారితో ఒక ఏడాది పోట్లాడి గెలిచింది. కుట్టు మిషను కొనాలని ఆమె కోరిక. పెరియనాయగి ఓడిపోయింది గానీ ఊరుకోలేదు. వీధిలో నలుగురి ముందు షరతు పెట్టింది.

"సరి, పెట్టుకో. ఒక్క తప్పు చేసినా, ఎవుడి చేతిలోనైనా ఏమారినా, ఆ దినమే నీ పాసుబుక్కు నా ట్రంకు పెట్టెలోకి వొచ్చెయ్యాల. ఏం?"

"సరి అత్తా" అంది చిన్నతాయి.

రెండువేల ఆరులో అనుకుంటాను, ఆ ఫోను మోగింది. అవతలివాడు తమిళంలో మొదలుపెట్టాడు. మీ నంబరుకు బహుమతి తగిలింది, కెమెరా ఉన్న కొత్త సెల్‌ఫోను, పార్సిల్‌లో వస్తుంది, కొరియర్ వాడికి డబ్బు కట్టి తీసుకోండి అన్నాడు. చిన్నతాయి నమ్మలేదు. పక్కకు తిరిగి, "అత్తా, ఎవుడో ఏందో వాగుతాండాడు" అంది తెలుగులో.

అవతలివాడు ఒక్క క్షణం ఆగి, "అయ్యో అమ్మా! మీరు మనవాళ్ళా!" అన్నాడు, అచ్చ తెలుగులో.

అంతే, ఊరు పడిపోయింది. ఇది బయటివాళ్ళకు అర్థం కాదు. మాకు తెలుగు గడప లోపలి భాష. బడిలో, బజారులో, బ్యాంకులో అంతా తమిళం. తెలుగులో మాట్లాడేవాడంటే ఒకే కంచంలో తిన్నవాడు, పెళ్ళికి పిలవాల్సినవాడు. బయటి నుంచి వచ్చిన ఫోనులో తెలుగు వినబడేసరికి పెరియనాయగి అంతటిది కూడా, "ఎవురు బిడ్డవప్పా నువ్వు? అన్నం తిన్నావా?" అని అడిగింది. వాడు తిన్నానన్నాడు. ఆ సంతోషంలో మ్యాచ్ యూనిట్ ఆడవాళ్ళ నంబర్లు కూడా వాడికి అందాయి. వారం తిరక్కుండానే వీధిలో సగం మందికి బహుమతులు తగిలాయి.

"మనవాడు ఎంత మరియాదగా మాట్లాడతాడు! అండీ అంటాడు!" అని పాండిసెల్వి పొంగిపోయింది. ఈమె చిన్నతాయి పక్కన కూర్చుని లేబుళ్ళు అంటించే పిల్ల.

"బాస ఇంటిదైతే మనిసి ఇంటోడా? వాడికి అత్తాట్చి ఏంది?" అన్నాడు మామ.

"పెండ్లాన్నే ఎండలో నిలబెట్టినోడివి, నీకేం తెలుసు?" అని ఆడవాళ్ళంతా నవ్వారు. మామ మాట ఎవరూ వినలేదు. రోజూ వర్షం వస్తుందని చెప్పేవాడు, నిజంగా మబ్బు పట్టిన రోజున చెప్పినా అంతే కదా. పెరియనాయగి మాత్రం మనవాడి మీద ఎంత ముచ్చట ఉన్నా కోడలి వంక వేలు చూపించి, "షరతు గ్యాపకం ఉంచుకో" అంది.

ఆ ఆదివారం నేను ఊళ్ళో ఉన్నాను. విరుదునగర్‌లో ఒక దినపత్రికకు జిల్లా వార్తలు రాసే ఉద్యోగం నాది. సెల్వరాజ్ టీ అంగడి ముందు కూర్చుని ఉండగా మామ చంకలో ఒక పెట్టెతో వచ్చాడు. రంగుల కాగితం చుట్టిన పెట్టె. దాని మీద సెల్‌ఫోను బొమ్మ.

"నాకు ప్రైజు వొచ్చిండాది" అన్నాడు.

సెల్వరాజ్ చేతిలో టీ గరిట అలాగే ఆగిపోయింది. నా నోట్లో వడ కూడా.

"నీకా? మామా, దుడ్డు కట్టి తీసుకున్నావా?"

"కట్టినా. మన బాస మాట్లాడినాడు గదా, నమ్మినా."

సూర్యుడు పడమర ఉదయించాడన్నా నేను ఇంత అదిరిపోయేవాణ్ణి కాదు. కబురు వీధంతా పాకింది. మ్యాచ్ యూనిట్ ఆడవాళ్ళందరూ వచ్చారు. పాండిసెల్వి కూడా వచ్చింది. ఆమె పార్సిలు కోవిల్‌పట్టిలో కొరియర్ వాళ్ళ దగ్గర ఉంది. తీసుకోవడానికి డబ్బు చెంగున ముడివేసుకుని బస్సు కోసం బయలుదేరిన మనిషి, చూద్దామని ఆగింది. మామ అందరూ చేరిందాకా ఉండి, పెట్టెను బల్ల మీద పెట్టి, పెళ్ళికూతురి ముసుగు తీసినంత నిదానంగా కాగితం విప్పాడు. లోపల ఒక పాత పేపరు. దాని లోపల మరో పాత పేపరు. దాని లోపల గడ్డి. గడ్డి లోపల సగం ఇటుక.

ముందుగా ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తరువాత నవ్వడం మొదలుపెట్టినవాళ్ళు ఆగలేదు. సెల్వరాజ్ ఇటుకను చెవి దగ్గర పెట్టుకుని, "అల్లో, ఎవురు? ఎర్రెద్దా?" అన్నాడు. పెరియనాయగి నవ్వలేదు. తమ్ముడి ముందుకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఒరే నల్లసామీ! నీ తాళికి ముడి నేనే వేస్తిని. నీ బుద్దికి గూడా అప్పుడే ఒక ముడి వేసుండాల్సింది. ఊరందరినీ అత్తాట్చి అడిగినోడివి, వాణ్ణి అడగలేదేంరా?"

"మరిసినా అక్కా" అన్నాడు మామ తల వంచుకుని. తరువాత గుంపు వైపు తిరిగి, "జూసినారు గదా. పెట్టె తెరవకముందే దుడ్డు అడిగితే, వాడి దగ్గిర ఇటికలే ఉండాయని తెలుసుకోండి. మళ్ళీ పోను చేసి, తప్పు జరిగింది, దుడ్డు తిరిగిస్తాం, మీ ఏటీఎం కార్డు నంబరు చెప్పండి, రహస్యం నంబరు చెప్పండి అంటాడు. చెప్పినారంటే బ్యాంకులో ఉండేది గూడా పాయె. నాకూ చేసినాడు" అన్నాడు.

పాండిసెల్వి చెంగు ముడిని తడుముకుని, ఇంకాస్త బిగించి, ఇంటికి తిరిగిపోయింది. ఆమె వెనకే మరో ఇద్దరు.

ఆ తరువాత మామ నా దగ్గరకు వచ్చి అన్న మాటకు నేను రెండోసారి అదిరిపోయాను.

"అల్లుడూ, దీన్ని పేపర్లో వెయ్యి. నా పేరు పెట్టు. ఊరు పేరూ పెట్టు."

జనాభా లెక్కలవాడికి తన పేరు చెప్పడానికి అత్తాట్చి అడిగిన మనిషి! నేను రాశాను, అచ్చయింది. ఎట్టయాపురం బస్సులో కండక్టరు మామకు టికెట్ ఇస్తూ, "అయ్యా, కాయితమేనా, లోపల ఇటిక ఏమైనా ఉందా చూసుకోండి" అన్నాడట.

ఆ వారంలోనే చిన్నతాయి విరుదునగర్‌లో మా ఆఫీసుకు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"అన్నా, మీరు రాసింది అబద్దం. మార్చి రాయండి."

"మామ చెప్పిందేగా రాశాను?"

"మామ చెప్పిందే అబద్దం. ఆ పెట్టె నాది."

అప్పుడు తెలిసింది. కోవిల్‌పట్టిలో డబ్బు కట్టి పెట్టె తెచ్చుకుని, అత్తగారు పొలానికి వెళ్ళిన సమయంలో విప్పి, ఇటుక చూసి, ఏం చేయాలో తెలియక కూర్చుంది. అదే అదనుగా ఫోను మోగింది. పొరపాటైందమ్మా, డబ్బు మీ అక్కౌంటులో వేస్తాం, కార్డు నంబరు చెప్పండి అన్నాడు మనవాడు. అత్తగారికి తెలిసేలోగా డబ్బు తిరిగొస్తే చాలుననుకుంది. కార్డు చేతిలోకి తీసుకుని మొదటి అంకెలు చదువుతూండగా, గొడ్డలి అడిగి తీసుకుపోదామని మామ లోపలికి వచ్చాడు. ఇటుకను చూశాడు. ఫోను అందుకున్నాడు.

"ఎవురప్పా?"

"నమస్కారం బాబాయిగారూ! నేను మీవాణ్ణే."

"మావాడివే అనేదానికి అత్తాట్చి ఏంది?"

"మన భాష మాట్లాడుతున్నాను కదండీ!"

"బాస సరి. మా ఎర్రెద్దుకు ఏ పక్క కొమ్ము విరిగింది?"

వాడు ఆలోచించాడు. "ఎడమ పక్కండీ."

"తప్పు."

"కుడి పక్కండీ."

"అదీ తప్పే. రెండూ బాగుండాయి. మావాళ్ళకు తెలుసు. పెట్టెయ్యి పోను!"

చెబుతూ చెబుతూ చిన్నతాయికే నవ్వొచ్చింది. ఆపుకుంది. "పాసుబుక్కు పోతాది మామా అని ఏడిస్తే, నోరు ముయ్యి, ఆ లేబుళ్ళ జిగురు తే, పెట్టె మళ్ళీ అంటించు అన్నాడన్నా. నేనే అంటించినా. ఎవురికీ చెప్పనని ఒట్టు పెట్టించుకున్నాడు. ఇప్పుడు ఊరంతా ఆయన్ను జూసి నవ్వుతాంటే నాకు కూడు దిగలే."

జీవితమంతా ఒకే ఒక్క పేరు సంపాదించుకున్నాడు మామ, ఎవడూ ఏమార్చలేని మనిషి అని. దాన్ని టీ అంగడి బల్ల మీద పెట్టి, తన చేతులతో విప్పి, పేపర్లో కూడా వేయించుకున్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు ఇలాంటి వార్త మరొకటి దొరకలేదు. రాయడానికి వీలైతే!

మరునాడే మామ ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కాఫీ తాగుతున్నాడు. చిన్నతాయి అక్కడే మా అత్తకు సాయంగా చింతపండు పిక్కలు తీస్తోంది.

"మామా, నిజం వేసేస్తాను" అన్నాను గొంతు తగ్గించి.

"వేస్తే ఇంక నీ పేపర్ను ఎవురు నమ్ముతారురా? నవ్వనీ. నన్ను జూసి నవ్వినోళ్ళు ఎవురూ ఆ పెట్టె జోలికి పోరు."

ఇంతలో పెరియనాయగి వచ్చింది. చేతిలో గుడ్డ మూట. తమ్ముడి వంక ఒకసారి జాలిగా చూసి, తల అటూ ఇటూ ఊపి, కోడలి ముందు చతికిలబడి మూట విప్పింది. పత్తి అమ్మిన డబ్బుండే తన పాసుబుక్కు.

"ఇంద చిన్నతాయీ, దీన్ని గూడా నువ్వే పెట్టుకో. వీడంతటోడే ఏమారినాడంటే, వీడి తోడబుట్టిందాన్ని, రేపు నేను మాత్రం ఏమారనా? ఊరంతా ఆ పెట్టెకు ఎగబడితే, బుద్దిగా కదలకుండా కూసున్నది నువ్వొక్కదానివే."

మామకు కాఫీ పొలమారింది. కళ్ళనీళ్ళు తిరిగేలా దగ్గుతూ, గోడ పట్టుకుని, ఎటు చూడాలో తెలియక ఆకాశం వంక చూశాడు. చిన్నతాయి పాసుబుక్కు అందుకుని నడుమున దోపుకుంది. లేచి వెళ్ళి మామ నడినెత్తిన మెల్లగా తట్టింది.

"మెల్లిగ తాగండి మామా" అంది. "ఎవురో మిమ్మల్ని తలచుకుంటాండారు."