చేతికి కట్టిన సుల్తాను

సుల్తానును బస్టాండులో బిచ్చమేసిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు.

అప్పట్లో నాకు పాత నాణేల పిచ్చి. నాగర్‌కర్నూల్‌లో మా పక్కిల్లు గాజుల దుకాణం మహబూబ్ బీది. పిలుపు వరసకు నాకు ఖాలా, అంటే పిన్ని. పెళ్లినాడు భర్త ఆమె చేతిలో పెట్టిన వెండి బిళ్ల ఒకటి పెట్టెలో ఉండేది. ఆయన పోయాక, ఆయన ఇచ్చినవాటిలో అమ్ముకోకుండా మిగిలింది అదొక్కటే. ఓ పండగనాడు నాకు చూపించింది. బొమ్మ లేదు, నిండా అరబ్బీ అక్షరాలు. ఫిరోజ్ షా బహమనీ వేయించిన టంకా! గుల్బర్గాలో కూర్చుని, మన గద్వాల అవతలి రాయచూరు కోసం విజయనగరం వాళ్లతో తన్నులాడిన సుల్తాను. ఆ రోజు నుంచి నేను ఖాలాను నిద్రపోనిస్తే ఒట్టు.

"ఖాలా, జర ఆ బిళ్ల ఇయ్యరాదు?"

"ఇయ్య."

"చూసి మళ్ల ఇస్త."

"నువ్వు ఇస్తవు గని, నీ కండ్లు ఇయ్యయి బిడ్డా."

"అది సుల్తాన్ సిక్కా, ఖాలా!"

"నీకు సుల్తాన్‌ది. నాకు మా ఆయనది."

ఇంతలో హైదరాబాదులో నాణేల సభ పెట్టారు. బహమనీ టంకాల మీద ప్రసంగం నాది. చేతిలో ఒక్క టంకా లేదు. ఈత రానివాడు చెరువు గురించి ఉపన్యాసం ఇచ్చినట్టుంటుందని ఖాలా ముందు ఏడుపొక్కటే తక్కువగా మొత్తుకున్నాను. మర్నాడు పొద్దున్నే బయల్దేరుతుంటే ఆమె ఎదురొచ్చి నా కుడిచేతికి ఆకుపచ్చ గుడ్డ కట్టింది. ఇమామ్ జామిన్ అంటారు. గుడ్డలో నాణెం చుట్టి ప్రయాణం పోయేవాళ్ల చేతికి కడతారు, క్షేమంగా చేరాక దాన్ని పేదలకు ఇచ్చేస్తారు. మా గల్లీలో ఎవరు ఊరెళ్లినా ఖాలా రూపాయి బిళ్ల పెట్టి కట్టేది.

"దిగినంక ఇప్పు బిడ్డా. పైలంగ..."

"తెలుసు ఖాలా. బీదోళ్లకియ్యాలె. నాకు చెప్తున్నవా?"

"అరే, జర ఇను..."

"బస్సు పోతది!"

బస్సు పోలేదు. పోయుంటే ఎంత బాగుండేది!

హైదరాబాదులో దిగగానే మెట్ల దగ్గర ఓ ముసలాయన చెయ్యి చాపాడు. ముడి కూడా విప్పలేదండీ, గుడ్డతో సహా ఆయన చేతిలో పెట్టేశాను.

"ఏందయ్యా గిది?"

"దువా చెయ్యి తాతా" అని దానకర్ణుడిలా నడిచాను.

సభలో నా నోటికి అడ్డే లేదు. "అసలైన పండితుడు కళ్లకు గంతలు కట్టినా బరువును బట్టే టంకాను పోల్చుకుంటాడు" అన్నాను. చప్పట్లు మోగాయి. వేదిక దిగుతుంటే ఫోను కూడా మోగింది.

"చూపిచ్చినవా? ఏమన్నరు అందరు?" ఖాలా గొంతులో సంబరం.

"ఏంది చూపిచ్చేది?"

"నీ సుల్తాన్‌ని! పరేషాన్ అవుతున్నవని చేతికి కట్టిన గద. చూపెట్టి వాపస్ తే అని చెప్దామంటే ఇనకపోతివి."

దారి పొడుగునా సుల్తాను నా చేతికే వేలాడాడు. ఆ చేతికి రూపాయికీ టంకాకూ తేడా తెలియలేదు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినవాడే నయం, చివరికి పిల్లాడైనా మిగులుతాడు. నేను పిల్లాణ్ణి దానమిచ్చి వచ్చి పిల్లల పెంపకం మీద ప్రసంగించాను.

పరుగెత్తాను. ముసలాయన అక్కడే ఉన్నాడు.

"ఆ పాత బిళ్లనా? చాయ్ హోటల్ల చెల్లదన్నరు. గా వెండి దుకాణంల తీసుకున్నరు. కడుపునిండ తిన్న, సల్లగుండు బిడ్డా."

దుకాణంలో అడిగితే, "కరిగిచ్చినం సార్, పట్టీలకు" అన్నారు. విజయనగరం సైన్యానికి చేతకాని పని నేను ఒక్క పూటలో చేశాను.

తిరిగొచ్చి ఖాలాకు అంతా చెప్పాను.

"ముసలాయన కడుపునిండ తిన్నడా?"

"తిన్నడు ఖాలా."

"మంచిది" అని తలుపేసుకుంది. లోపల పెట్టె తెరిచి మూసిన చప్పుడు వినిపించింది. తిట్టినా బాగుండేది.

ఇప్పటికీ నేను ఊరెళ్తే చేతికి కడుతుంది. గల్లీలో అందరికీ గుడ్డలో. నాకు మాత్రం లోపలిది కనిపించే ప్లాస్టిక్ కవర్లో. "రూపాయే. మంచిగ చూసుకో" అంటుంది.

అందుచేత, కరిగిపోయిన ఫిరోజ్ షా సాక్షిగా, ఆయన ఎవరి కాళ్లకు పట్టీలై మోగుతున్నాడో ఆ కాళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక ముడి విప్పకుండా దానం చెయ్యను. ఖాలా "జర ఇను" అంటే, బస్సు పోతే పోనీ, ఆగి వింటాను.