కల్నల్ గారు గది వెతికిన శనివారం

మా ఆఫీసు గుర్‌గ్రామ్‌లో. కంపెనీ లాభాల్లో కొంత సమాజం కోసం ఖర్చుపెట్టాలన్న రూలు ఉంది కదా, ఆ డబ్బును కాలేజీలకు పంచే పని నాది. వినడానికి దానకర్ణుడి ఉద్యోగంలా ఉంటుంది గానీ నేను పంచినవి ఎక్కువగా వాటర్ కూలర్లు, వాటిమీద మా కంపెనీ పేరు చెక్కిన రేకులు.

మత వివక్షకు వ్యతిరేకంగా కూడా ఏటా కొంత ఇచ్చేవాళ్ళం. దక్షిణ ఢిల్లీలోని ఒక కాలేజీ ఆ డబ్బుతో ఐక్యతా దినోత్సవం జరిపేది. దీపం వెలిగించడం, తలా ఒక మతం వేషం వేసుకున్న పిల్లలు చేతులు పట్టుకుని నిలబడటం, ఫోటో, తర్వాత సమోసాలు. సమోసాలు బాగుండేవి, కాదనను. ఆ వేషాలు చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండేది.

అలాంటి ఒక ఉత్సవం అయ్యాక వరండాలో నిలబడి మా అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతుంటే ఒక అమ్మాయి వచ్చి పక్కన ఆగింది. నేను ఫోన్ పెట్టేదాకా ఉండి, "మేడమ్, మీరు తెలుగోళ్ళేనా?" అంది. నంద్యాల దగ్గర పల్లెటూరట. ముస్లిం అమ్మాయి, ఇంట్లో తెలుగే మాట్లాడతారట. ఆ కాలేజీలో కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తోంది. హాస్టల్ గడువు ఆ సెమిస్టర్‌తో అయిపోతుంది. గది కోసం కాలేజీ దగ్గరి జియా సరాయ్, ఆ చుట్టుపక్కల సందులన్నీ కాలికి బలపం కట్టుకుని తిరిగింది.

"గది సూపిస్తారు మేడమ్. బాడుగ గూడా మాట్లాడతారు. పేరు జెప్పినాక లేదంటారు."

"మీ ఫ్రెండ్స్ ఎవరి పేరుమీదనన్న తీసుకోరాదు?" అన్నాను.

"తీస్కుంటామనే అంటాండారు. దొంగ మాదిరి ఎందుకుండాల మేడమ్ నేను? దొరక్కుంటే ఊరికి పోతా. మా నాయన గూడా వచ్చెయ్‌మనే అంటాండాడు."

ఊరికి వెళ్ళడమంటే చదువు అక్కడితో సరి. ల్యాబు ఆమె వెంట నంద్యాల బస్సెక్కదు. మయూర్ విహార్‌లో మా ఇంటికి చేరేదాకా మెట్రోలో నాకు ఆ మాటలే.

ఈ డబ్బు ఎవరికివ్వాలో తేల్చే మా కంపెనీ కమిటీ తర్వాతి మీటింగ్‌లో లేచి, ఈసారి ఉత్సవం వద్దు, ఆ డబ్బుతో కాలేజీ పేరుమీద ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, బయట గదులు దొరకని పిల్లలకు ఇద్దాం అన్నాను. అందరూ మా అడ్మిన్ హెడ్ వైపు చూశారు. ఆయన సైన్యంలో కల్నల్‌గా రిటైరై మా కంపెనీలో చేరిన మనిషి. సొంతూరు విజయనగరం, ఉండేది జనక్‌పురిలో. ఆయన ఊ అంటే కమిటీ ఊ అంటుంది.

"లేదమ్మా, మీరు దీన్ని అనవసరంగా పెద్దది చేస్తున్నారు," అన్నారు. "నేను సర్వీసులో దేశమంతా తిరిగాను. ఇల్లు ఇచ్చేటప్పుడు నీ మతమేంటని ఒక్కడు అడగలేదండి. మా యూనిట్‌లో అన్ని మతాల ప్రార్థనలూ ఒకే కప్పు కింద జరిగేవి."

ఆయన అబద్ధం చెప్పడం లేదు, అదే అసలు చిక్కు. సైన్యంలో క్వార్టర్‌కు వరస ఉంటుంది. వరస వస్తే తాళంచెవి చేతికి వస్తుంది. రిటైరయ్యాక కూడా తోటి ఆఫీసరు అమ్మిన ఫ్లాటే కొనుక్కున్నారు. ఆ మనిషి జన్మలో ఒక్కసారి కూడా అద్దె ఇల్లు వెతుక్కోలేదు. ఒడ్డున కూర్చుని లోతు చెబుతున్నారు.

"సార్, శనివారం మీకు పనేమన్నా ఉన్నదా?" అన్నాను. "లేకుంటే మనం ఒక గది ఎతుకుదాం రాండ్రి."

మాటంటే మాటే ఆయనకు. ఇస్త్రీ చొక్కా, పాలిష్ చేసిన బూట్లతో జియా సరాయ్‌కి వచ్చారు. అమ్మాయిని చూడగానే టిఫిను చేశావా అని అడిగారు. ముగ్గురం ఒక మూడంతస్తుల ఇంటికి వెళ్ళాం. ఇంటావిడ మంచిదే. అమ్మాయిని బేటీ అంది, చల్లటి నీళ్ళిచ్చింది, గది చూపించి గీజర్ కూడా వేసి చూపించింది. తర్వాత పేరడిగింది. అమ్మాయి చెప్పింది. ఆవిడ మొహంలో నవ్వు ఏమాత్రం చెదరలేదు. "అరే బేటీ, మర్చేపోయాను, ఈ గది మా మరిది కొడుక్కి ఇస్తానన్నాను," అని హిందీలో చెప్పింది.

"నిజంగానే మర్చిపోయుంటుందమ్మా," అన్నారు కల్నల్ గారు మెట్లు దిగుతూ.

పక్క సందులో మరిది కొడుక్కి బదులు మేనకోడలు వచ్చింది. ఆ తర్వాతి ఇంట్లో ఉన్నట్టుండి గోడలకు రంగులు వేయించాల్సిన పని పడింది. కల్నల్ గారి నడక నెమ్మదించింది. ఏమనుకున్నారో, వెనక్కి తిరిగి మొదటి ఇంటికి ఒక్కరే వెళ్ళారు. మేం గేటు బయట నిలబడ్డాం. తిరిగి వచ్చేసరికి ఆయన మొహం ఎర్రగా ఉంది.

"రిటైర్డ్ కల్నల్‌నని చెప్పి, మా సొంత మనవరాలికి ఇస్తారా అని అడిగాను. మీకైతే ఈరోజే ఇస్తాను అంకుల్‌జీ, ఫౌజీలంటే మాకు గౌరవం అంది." అమ్మాయి వైపు తిరిగి, "నాకు తెలీదమ్మా. ఏమీ అనుకోకు," అన్నారు.

"మీరేం జేసినారు సార్," అంది ఆ పిల్ల.

ఆ తర్వాతి మీటింగ్‌లో నేను నోరు తెరవాల్సిన అవసరమే రాలేదు. ఇల్లు తీసుకుంటే రిబ్బన్ ఎక్కడ కడతాం, ఫోటో దేనికి తీస్తాం అని ఫైనాన్స్ వాళ్ళు అడిగారు. "రిబ్బన్ వద్దు, రోస్టర్ కావాలి," అన్నారు కల్నల్ గారు. కంటోన్మెంట్‌లో క్వార్టర్లు ఇచ్చినట్టే ఇవ్వాలి. ముందు దరఖాస్తు పెట్టినవాళ్ళకు ముందు గది, మధ్యలో ఎవరి ఇష్టాయిష్టాలూ ఉండకూడదు. కమిటీ ఊ అంది. ఉత్సవం పోతోందని కాలేజీవాళ్ళు గొణిగారు. సమోసాలు నేను తెప్పిస్తానన్నాను.

కాలేజీ పేరుమీద నెలనెలా బ్యాంకు ద్వారా అద్దె వస్తుందన్న కబురు సందుల్లో పాకగానే, ఇల్లిస్తానని ముందుగా వచ్చింది ఎవరనుకున్నారు? గీజర్ వేసి చూపించిన ఆవిడే. గదిలో ఎవరుండాలో కాలేజీయే నిర్ణయిస్తుంది, ఇంటివాళ్ళు అడగడానికి వీల్లేదన్న షరతును కల్నల్ గారు గట్టిగా చదివి వినిపించారు. ఆవిడ మళ్ళీ చదివించుకుంది, మరిదికి ఫోన్ చేసింది, సంతకం పెట్టింది. మర్యాద కాదని తెలిసినా నేను ఆవిడ ఎదుటే పకపకా నవ్వాను. ఆవిడ మనసు మారిందని నేననుకోను. మనసులు మార్చేంత బడ్జెట్ నా దగ్గర లేదు, గదులకు మాత్రం ఉంది.

సెమిస్టర్ ముగిసే వారంలో తాళంచెవులు ఇచ్చారు. కల్నల్ గారు పరేడ్‌లో హాజరు పిలిచినట్టు వరసగా పిలిచారు. మా నంద్యాల అమ్మాయి వరస వచ్చింది. పై అంతస్తులో సందువైపు గది. లోపలికి వెళ్ళి కిటికీ తెరిచి, నేలమీదే కూర్చుని, వాళ్ళమ్మకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

"ఎన్ని దినాలు ఉండనిస్తారంట పాపా?" అంది ఆ తల్లి.

"నా సదువు అయిపోయేదాంక మా."

ఆవిడ ఆ మాటే అమ్మాయి నాయనకు చెప్పడం వినబడింది. తర్వాత, "అట్లయితే పరుపు కొనుక్కో," అని వినిపించింది.

ఆ సాయంత్రమే కొన్నాం. ఒక కొస నేను, ఇంకో కొస కల్నల్ గారు పట్టుకున్నాం. మెట్లు ఇరుకు. ఆయన ఒగురుస్తూనే కుడి, ఎడమ అని ఆర్డర్లు వేస్తున్నారు, ముందు నడుస్తున్న అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోతోంది. మెట్ల మధ్యలో నిలబడివున్న ఇంటావిడ గోడకు జరిగి మాకు దారిచ్చింది.