ఇద్దరి సాక్షీ మా అమ్మే

మా నాన్న మీద మా మేనమామ దావా వేశాడు. సమన్లు తెచ్చిన కోర్టు మనిషికి అమ్మ మజ్జిగ ఇచ్చి పంపింది. "ఆయప్పేం చేస్తాడు, ఎండన పడి వచ్చినాడు" అంది.

మామ అమ్మకు తమ్ముడు. మంగంపేట దగ్గర ముగ్గురాయిని పొడి కొట్టే మిల్లు నాన్న, మామ కలిసి పెట్టారు. చిన్న కంపెనీ, షేర్లన్నీ ఆ ఇద్దరివే. మిల్లు చూసుకునేది మామ, సరుకు అమ్మకాలకు తిరిగేది నాన్న. ఇక దుమ్ములో ఉండలేనని మామ అంటే అతని షేర్లు నాన్నే కొన్నాడు. సగం డబ్బు ముందిచ్చాడు. మిగతాది ఇచ్చేలోగా మిల్లుకు పాత కరెంటు బకాయి నోటీసు వచ్చింది. "ఇది దాచిపెట్టి నాకు అంటగట్టినాడు" అని నాన్న మిగతా సొమ్ము ఆపేశాడు. మామ కోర్టుకెక్కాడు.

నాన్న వకీలు జవాబు తయారుచేశాడు. బకాయి దాచి మోసం చేశాడు కాబట్టి మిగతాది ఇవ్వక్కర్లేదని వాదన. దానికి తోడు, తీసుకున్నదాంట్లోనుంచి బకాయి మేరకు మామే తిరిగివ్వాలని ఎదురు దావా. నాన్న దాన్ని వంటింటి గడపలో నిలబడి పైకి చదివాడు. జొన్నరొట్టె తడుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"మా తమ్ముడు మోసగాడా?"

"అది కోర్టు భాషలే."

"అట్లయితే కోర్టులోనే చదువుకో. ఈడ చదవాకు."

వాయిదా ఉన్న రోజు అమ్మ ఇద్దరికీ అన్నం కట్టేది. మామకు బీపీ అని ఉప్పు తగ్గించి వేరే డబ్బాలో పెట్టేది. ఆ డబ్బాను నాన్నే కడప కోర్టుకు మోసుకెళ్ళి, పలకరించకుండా మామ పక్కన బెంచీ మీద పెట్టి వచ్చేవాడు. సాయంత్రానికి అదే బెంచీ మీద ఖాళీ డబ్బా కడిగి ఉండేది.

చివరికి రెండు పక్కల వకీళ్లూ సాక్షిగా అమ్మనే పిలిపించారు. ఆమెకు తోడుగా నేనూ వెళ్ళాను. బోనులో అమ్మ కొంగు నిండుగా కప్పుకుని నిలబడింది.

"బకాయి ఉందని మీ తమ్ముడు చెప్పాడా?" అని మామ వకీలు అడిగాడు.

"చెప్పినాడు. మా ఇంట్లోనే. 'బావా, కరెంటోళ్లకు కొంచెం కట్టేది ఉండాది' అన్నాడు."

నాన్న తల వంచుకున్నాడు. మామ ముఖం వెలిగింది. అమ్మ ఆగలేదు.

"కొంచెం అన్నాడు గానీ అది కొంచెం కాదమ్మా" అని జడ్జీగారి వైపు తిరిగింది. ఆవిడా ఆడమనిషే. "ఎంతో ఈయప్ప చెప్పలా. మా ఇంటాయన అడగలా. ఇద్దరూ అలసంద వడలు తింటా ఆ పొద్దు శానా సంబరంగా ఉన్నారు."

హాలంతా నవ్వింది. జడ్జీగారు నవ్వు ఆపుకుని, నాన్న, మామల వైపు చూసి, "మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోండి" అని కేసును రాజీ కోసం లోక్ అదాలత్‌కు పంపారు.

అక్కడ ఎక్కువసేపు పట్టలేదు. బకాయి చెరిసగం. మామ వాటా పోగా మిగిలిన డబ్బు నాన్న ఇచ్చేటట్టు, దావా, ఎదురు దావా రెండూ ముగిసేటట్టు సంతకాలు పెట్టారు.

బయటికొచ్చాక నాన్న బండి తీస్తూ, అన్నాళ్ల తర్వాత మొదటిసారి మామతో మాట్లాడాడు.

"యాడికి పోతాండావు?"

"బస్టాండుకు బావా."

"ఎక్కు."

మామ ఎక్కి నాన్న భుజం మీద చెయ్యేసుకున్నాడు. బండి గేటు దాటిపోయింది. అమ్మను తీసుకుపోవాలని ఇద్దరికీ గుర్తే రాలేదు. అమ్మ కళ్లు తుడుచుకుని, "ఆటోను పిలువు" అంది నాతో, నవ్వుతూ.