నవ్వు దాచుకున్న కుర్చీలాయన

వీధిలో అందరూ ఆయన్ని కుర్చీలాయన అనేవారు. కుంగిపోయిన సోఫాలు, చిరిగిన కుర్చీలు ఆయన చేతిలో పడితే మళ్లీ మనుషులు కూర్చునేలా లేచేవి. చిన్న మేకులు పెదాల మధ్య బిగబట్టి పని చేసే అలవాటు వల్ల పగలంతా మాట తక్కువ. ఇంటికొచ్చాక ఆరేళ్ల కూతురి దగ్గర మాత్రం వట్టి వాగుడుకాయ. చదువు సగంలో ఆగిపోయిందన్న చిన్నతనం ఆయన్ని ఎప్పుడూ వదల్లేదు. చదువుకున్నవాళ్లు ఎదురైతే చాలు, చొక్కా సర్దుకుని, లేని పెద్దరికం ఒకటి తెచ్చిపెట్టుకునేవాడు.

పిల్లల సినిమాలు ముందే చూసి, ఏ వయసువాళ్లకు తగినవో తేల్చే ఆఫీసొకటి ఉండేది. అక్కడి చిన్న హాల్లో సీట్లకు కొత్త గుడ్డ వేస్తున్న రోజున ఆయనకు అనుకోని పిలుపు వచ్చింది. ప్రతి సినిమానూ ముగ్గురు చూడాలి. అందులో ఒకరు మామూలు తల్లో తండ్రో అయ్యుండాలి. ఆ రోజు రావలసిన తల్లికి జ్వరం తగిలింది.

"మీకు చిన్నపిల్లలున్నారా?" అని అడిగింది ఆ ముగ్గురిలో ఒకరైన పెద్దావిడ. ఆవిడ ఒకప్పుడు హెడ్మిస్ట్రెస్.

"ఒక్కతే పాపండి."

"అయితే వచ్చి కూర్చోండి. మీరు కుట్టిన సీటేగా."

పక్కన పిల్లల డాక్టరు కూర్చున్నాడు. దీపాలు ఆరాయి.

అదొక పిచ్చి సాహసాల కార్టూన్. పోయిన చందమామను వెతుక్కుంటూ ఒక పిల్ల ఎగిరే గంగాళంలో బయల్దేరుతుంది. తోడుగా ఒక గొర్రె. అది తనను తాను సింహమనుకుంటుంది. కొండంత రాక్షసుడి ముందు నిలబడి, గుండెల నిండా గాలి పీల్చుకుని గర్జించబోతుంది. వచ్చింది గర్జన కాదు, తేన్పు. ఆ గాలికి రాక్షసుడి కిరీటం ఎగిరిపోయి గుండు బయటపడుతుంది. వాడు సిగ్గుతో రెండు చేతులా గుండు కప్పుకుని ఏడుస్తాడు. గొర్రె జాలిపడి తన ఉన్నితో వాడికి టోపీ అల్లిపెడుతుంది.

కుర్చీలాయనకు పొట్ట పగిలేంత నవ్వొచ్చింది. పైకి నవ్వబోతూ పక్కకు చూశాడు. పెద్దావిడ ముఖం ముడుచుకుని ఉంది. వెంటనే చేతిరుమాలు నోట్లో కుక్కుకున్నాడు. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడ్డాయి. డాక్టరు అది చూశాడు.

దీపాలు వెలిగాక డాక్టరు, "బావుంది. పిల్లలు హాయిగా చూస్తారు," అన్నాడు.

పెద్దావిడ పెదవి విరిచింది. "తలాతోకా లేని గోల. మీరేమంటారు? మీ పాపకు చూపిస్తారా?"

ఆవిడ తనను మీరు అంటూ అభిప్రాయం అడగడంతో ఆయనకు ఒక మెట్టు పైకెక్కినట్టయింది. "చూపించనండి. ఇలాంటివి చూస్తే పిల్లలు చెడిపోతారు," అన్నాడు గొంతు సవరించుకుని.

డాక్టరు ఆయన వైపు ఒక్కసారి చూసి కళ్లజోడు తుడుచుకున్నాడు.

ఆ కార్టూన్ బొమ్మలు గీసిన అమ్మాయి బయట బల్ల మీద కూర్చుని ఉంది. ఇద్దరు కాదన్నారని తెలిసి ముఖం వాడిపోయినా, కుర్చీలాయన దగ్గరికే వచ్చింది.

"అంకుల్, మీరు తండ్రి కదా. ఏ ముక్క బాగాలేదో చెప్పండి. తీసేస్తాను."

అప్పుడైనా నిజం చెప్పొచ్చు. కానీ వెనక పెద్దావిడ నిలబడి ఉంది.

"ఆ గొర్రె తేన్పు," అన్నాడు.

ఆ సాయంత్రం ఏం సినిమా చూశావని కూతురు అడిగితే ఆయన నాలుగు కాళ్ల మీద నిలబడి గొర్రె కథంతా ఆడి చూపించాడు. పాప ఎక్కిళ్లు వచ్చేదాకా నవ్వింది. మళ్లీ చెయ్యమంది. మళ్లీ చేశాడు.

గుమ్మంలో నిలబడి భార్య అడిగింది: "ఇంత బావుంటే, సరేనన్నావా మరి?"

ఆయన మోకాళ్ల మీదే ఉండిపోయాడు. "లేదు," అన్నాడు.

"ఎందుకని?"

"ఆవిడ నవ్వలేదు."

భార్య తిట్టలేదు. తిడితే బావుండుననిపించింది.

మర్నాడు పనికి వెళ్లగానే పెద్దావిడ గదికి వెళ్లి నిలబడ్డాడు. "నిన్న నేను అబద్ధమాడానండి. నాకు చాలా నచ్చింది. మీకు నచ్చలేదని అలా అన్నాను."

ఆవిడ చేతిలో కాగితం పక్కన పెట్టింది. "నాకు నచ్చకపోతే నేను చెప్పుకుంటాను. మీరు మీ మాట చెబుతారనేగా కూర్చోబెట్టింది," అంది మెల్లగా. ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ అప్పుడే ఆ అమ్మాయికి ఫోన్ చేసింది. ఆలస్యమైపోయింది. ఆ అమ్మాయి రాత్రే ఆ ముక్క కోసేసి, మిగిలింది అతికించి, ప్రింటుకు పంపేసింది. తిరిగి చేయించే స్తోమత ఆమెకు లేదు.

కొన్నాళ్లకు, ముక్క తీసేసిన ఆ కార్టూన్‌కు ఆఫీసు సరేనన్నాక, అది ఊళ్లో సినిమా హాల్లోకి వచ్చింది. పాపను తీసుకెళ్లక తప్పలేదు. గంగాళం ఎగిరింది. రాక్షసుడు వచ్చాడు. పాప ముందుకు వంగి, ముందే నవ్వడం మొదలుపెట్టింది. మరుక్షణం రాక్షసుడు తల మీద ఉన్ని టోపీతో నిలబడి ఉన్నాడు. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. హాల్లో పిల్లలు కిక్కురుమనలేదు.

"నాన్నా, గొర్రె తేన్చలేదేం?"

"నేనే తీయించాను తల్లీ."

"నీకు నవ్వొచ్చిందన్నావుగా?"

"వచ్చింది. నవ్వడానికి సిగ్గుపడ్డాను."

పాపకు అది అర్థం కాలేదు. తెర వైపు తిరిగి, మిగతా సినిమా బుద్ధిగా, నవ్వకుండా చూసింది.