రేడియం షాపులో నాలుగు తీగలు

మొన్న మా ఇంట్లో పనికిరాని ప్రింటరును పాత సామాన్ల బండికి వేస్తుంటే నేను అడ్డంపడి, దాని కడుపు విప్పి చిన్న మోటారు ఒకటి బయటికి తీశాను. దాని షాఫ్టును రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పగానే, అడుగడుక్కీ ఆగి ఆగి తిరిగే ఆ చప్పుడుకు నా ప్రాణం ఇరవై ఏళ్ళు వెనక్కి పోయి, జహీరాబాదులో బొంబాయి రోడ్డు పక్కన మా మేనమామ నడిపిన రేడియం షాపులో, అంటే బండ్ల మీద అంటించే మెరుపు స్టిక్కర్లు కోసే దుకాణంలో, నిలబడింది. నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినడం మా ఇంట్లో అలవాటు. మీరు నా ఈడువాళ్ళు కనుక ముందే చెబుతున్నాను, ఇందులో తీసేయడానికేమీ లేదు. ఉన్న ఒక్క అబద్ధమూ అప్పట్లోనే ఆడేశాను.

హైదరాబాదులో మోటార్ల కంపెనీలో ఆరు నెలలు పని నేర్చుకున్నాననేది ఆ అబద్ధం. నిజానికి ఆ కంపెనీ గేటు బయట చాయ్ గ్లాసులు కడిగాను. జహీరాబాదుకు తిరిగొచ్చేసరికి ఆ గ్లాసులు కాస్తా మోటార్లయ్యాయి, ఆ మోటార్లు రోజురోజుకూ పెరిగి, ఒకదానికి నేను చుట్టిన తీగ విప్పి పరిస్తే ఝరాసంగం ఊరి దాకా వస్తుందని చెప్పేవరకూ వచ్చాయి. మామ నమ్మి షాపులో కూర్చోబెట్టుకున్నాడు.

మామ అంతకుముందు లారీల మీద పేర్లు రాసే పెయింటరు. చేతికి వణుకొచ్చి కుంచె నిలవకపోవడంతో, స్టిక్కరును అక్షరాలుగా కోసే యంత్రం తెచ్చుకున్నాడు. అది ఆగితే ఆయనకు మరో బతుకుదారి లేదు. సరిగ్గా చెరకు ట్రాలీలు ఫ్యాక్టరీ దారి పట్టే రోజుల్లో, స్టిక్కరు రోలును ముందుకూ వెనక్కూ జరిపే మోటారు కాలిపోయింది.

మోటారు ఎక్కడైనా దొరుకుతుందిగానీ దాన్ని నడిపే బోర్డు ఇక దొరకదని, తీగలు తప్పు కలిపితే అది కూడా కాలిపోవచ్చని మెకానిక్ ఫోనులో హెచ్చరించాడు. మామ పాత జిరాక్స్ మిషనులోంచి అదే కొలత మోటారు పీకించి తెచ్చాడు. దానికి నాలుగు తీగలు, వాటి రంగులు మా మోటారు రంగులతో కలవవు. లోపల రెండు తీగచుట్టలుంటాయనీ, ఏ రెండు తీగలు ఏ చుట్టవో ముందు తేల్చుకోవాలనీ అన్న మెకానిక్, ఎలా తేల్చాలో చెప్పబోతుంటే మామ అందుకున్నాడు.

"గదంత మా అల్లునికెర్కనే," అని ఫోను పెట్టేశాడు.

షాపులో తీగలు పరీక్షించే మీటరు ఒకటుందిగానీ దాని ముల్లు ఎప్పుడో చచ్చింది. ఏదో చేస్తున్నట్టు కనబడాలి కనుక షాఫ్టును తిప్పుతూ కూర్చున్నాను. ట్రాలీ వెనక రేడియం అక్షరాలు వేయించుకోవడానికి మొగుడంపల్లి నుంచి వచ్చిన రైతు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏమయ్యా, మీ అల్లుడు మోటరుకు జోకొడుతున్నడా ఏంది?"

"జర ఆగు పటేలా. హైదరాబాదుల నేర్చిన చెయ్యి గది."

ఆ మాట వినగానే షాఫ్టును మరింత జోరుగా తిప్పాను. అప్పుడు జరిగింది. ఎడమచేతిలో రెండు తీగల కొసలు ఒకదానికొకటి తగిలి ఉన్నాయేమో, అప్పటిదాకా తేలిగ్గా తిరిగిన షాఫ్టు, లోపలి నుంచి ఎవరో పట్టుకున్నట్టు బిగుసుకుంది. కొసలు విడదీస్తే వదులు, కలిపితే బిగువు. వాటిలో ఒకదాన్ని తక్కిన తీగలతో కలిపి చూశాను, బిగువు లేదు. మిగిలిన రెండూ కలిపితే మళ్ళీ బిగిసింది. రెండు జతలూ తేలాయి. ఎందుకలా అవుతుందో మాత్రం నాకు తెలియదు.

తెలియకుండానే బోర్డుకు కలిపాను. స్విచ్చు మీదికి మాత్రం చెయ్యి పోలేదు.

"మామా, నేను మోటర్లు నేర్వలే. గాడ చాయ్ గ్లాసులు కడిగిన."

రైతు నవ్వు ఆగిపోయింది. మామ లేచి నా పక్కకొచ్చాడు. కొడతాడనుకున్నాను.

"మరి గివి ఎట్ల కలిపినవ్?"

వేళ్ళకు తెలిసింది చెప్పాను. మామ తీగలు విప్పించి, ఆ వణికే వేళ్ళతోనే షాఫ్టు తిప్పి, రెండు జతలూ తానే చూసుకుని, మళ్ళీ కలపమన్నాడు.

"ఇగ పక్కకు జరుగు. కాలితే నా చేతులనే కాలాలె. రేపు ఎవలన్న అడిగితే నేనే కాలవెట్టిన్నని చెప్త."

స్విచ్చు నొక్కాడు. పొగ రాలేదు. రోలు కదిలింది, కత్తి గీసింది, అక్షరాలు పడ్డాయి. అన్నీ కుడిఎడమలు తిరగబడి పడ్డాయి.

"గిదేం రాత? ఎనకొచ్చెటోడు అద్దంల చూసి సదువుకోవాల్నా?" అన్నాడు రైతు.

ఒక జతలోని రెండు కొసలనూ అటుదిటూ ఇటుదటూ మార్చగానే అక్షరాలు సరిగ్గా నిలబడ్డాయి. నా అబద్ధం గురించి మామ ఆ రోజూ అడగలేదు, పోయేదాకా అడగలేదు.

ఇప్పుడు ఏ తీగ ఏ చుట్టదో ఫోనులో నిమిషంలో చూపిస్తారు, బోర్డు కాలితే రెండు రోజుల్లో కొత్తది ఇంటికే వస్తుంది, అంత భయపడవలసిన పని ఎవరికీ లేదు. అయినా ఆ షాపును ఇప్పుడు నడుపుతున్న నేను, బాగుచేసిన ప్రతి యంత్రానికీ మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు నాలుగడుగులు వెనక నిలబడి, స్విచ్చు వేయమని పనివాళ్ళకే చెబుతున్నాను.