ఒకే కార్డు మీద అన్ని పెళ్ళిళ్ళూ

లెక్కల మాస్టారుగా రిటైరైన తర్వాత నేను నేర్చుకున్న పని ప్రోగ్రాములు రాయడం. తిరువూరులో అప్పుడప్పుడే కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లు తెరుస్తున్నారు. నా దగ్గర లెక్కలు చదువుకున్న పిల్లల పక్కనే బెంచీ మీద కూర్చుని నేర్చుకున్నాను. ఒక పాత మిషను కొని ఇంట్లో పెట్టుకున్నాను. ఈ వయసులో ఇదెందుకని చాలామంది అడిగేవారు. డైరీ రాసి, పేపరు చదివాక కూడా రోజు ఇంకా చాలా మిగిలి ఉండేది, అంతే.

బస్టాండు దగ్గర్లో ఒక సాయిబు గారి ప్రెస్సు ఉండేది. వాళ్ళ నాన్న కాలం నుంచీ పెళ్ళి కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు వేసేవారు. అతను నన్ను మాస్టారూ అనేవాడు, నేను భాయ్ అనేవాణ్ణి. జనం కంప్యూటర్ అక్షరాలే కావాలని అడగడం మొదలుపెట్టాక అతను సీసపు అక్షరాలన్నీ తూకానికి అమ్మేసి కంప్యూటరు కొన్నాడు. తెలుగు టైపు చేసే ప్యాకేజీ కొనే స్తోమత మాత్రం మిగల్లేదు. మీరేదో నేర్చుకుంటున్నారట కదా, నాకొకటి తయారుచేసి పెట్టండని అడిగాడు. అలా మొదలైంది.

మొదట్లో ఆ ప్రోగ్రాము చేసే పని చాలా చిన్నది. తెలుగులో టైపు చేయడం, దాచుకోవడం, ప్రింటు తీయడం. అతను సంతోషించింది ఒక వారమేననుకుంటాను. పెళ్ళికూతురు పేరు లావుగా రావాలన్నాడు. ఆ సదుపాయం పెట్టాను. పేరు మధ్యలోకి రావాలన్నాడు. అదీ పెట్టాను. తర్వాత రంగులు, తర్వాత అంచుకు పూల గీత, ఆ తర్వాత వధువు తరఫువాళ్ళు ఒక పక్క, వరుడి తరఫువాళ్ళు ఒక పక్క వచ్చేలా రెండు వరసలు. ఒకటి పెట్టినప్పుడల్లా పాతది ఒకటి పాడయ్యేది. రంగు పెడితే ప్రింటు మసకగా వచ్చేది. వరసలు పెడితే మధ్యలో ఉండాల్సిన పేరు పక్కకు జరిగేది. దాన్ని సరిచేస్తే కర్సర్ ఉన్నట్టుండి పేజీ పైకి ఎగిరి కూర్చునేది. ఆ ఏళ్ళ డైరీలు ఇప్పుడు తిరగేస్తే పేజీ తర్వాత పేజీ ఇదే. వాన పడిన సంగతి, చుట్టాలు వచ్చిన సంగతి ఒక్కో వాక్యంలో అయిపోతాయి, మిగతాదంతా ప్రెస్సు గోల.

తప్పు ఎక్కడ జరిగిందో అతను ఏనాడూ చెప్పేవాడు కాదు. "మీ ప్రోగ్రాం పొద్దుటినుంచీ అలిగి కూర్చుందండీ," అనేవాడు. ఏం నొక్కితే అలిగిందంటే, నేనేం నొక్కలేదనేవాడు. నేను వెళ్ళి గంటసేపు కూర్చుంటే అది బుద్ధిగా పనిచేసేది. ఇంటికి వచ్చి చెప్పులు విప్పేసరికి ఫోను మోగేది. మా ఆవిడ రిసీవరు నా చేతికిస్తూ, "మీ అల్లుడు గారండీ," అనేది. మాకు కొడుకులే గానీ కూతుళ్ళు లేరు.

ఆ పని మీద నాకు విసుగు పుట్టి అప్పటికే చాలా కాలమైంది. అయినా వదల్లేకపోవడానికి కారణం ఉంది. అంతకు ముందు ఏడాది పెళ్ళిళ్ళ కార్డులు సగానికి సగం విజయవాడకు పోయాయి. అక్కడ ఒక్క రోజులో ఇచ్చేస్తున్నారు. అతని బావకు లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ఉంది. వచ్చి కూర్చోమని, నెల జీతం ఇస్తానని కబురు పెడుతూనే ఉన్నాడు. మాఘమాసం రాబోతుండగా అతను నాతో ఒక మాట చెప్పాడు.

"ఈ సీజన్ కూడా పోతే షట్టర్ దించేస్తానండీ. బావ దగ్గర కూర్చుని లారీ నంబర్లు రాసుకుంటాను. మా నాన్న అచ్చు మిషను తొక్కీ తొక్కీ కాలు పాడుచేసుకున్నాడు ఇక్కడే. అది తలుచుకుంటేనే మనసొప్పదు."

మాఘం మొదలవగానే ప్రోగ్రాము నెమ్మదించింది. కార్డు తెరిస్తే మిషను ఆలోచిస్తూ ఉండిపోయేది. ఈలోగా అతను టీ తాగి వచ్చేవాడట. కంప్యూటరు పాతదైపోయిందని ఇద్దరం అనుకున్నాం. ఒక ఆదివారం మధ్యాహ్నం అసలు తెరవడమే మానేసింది.

నేను వెళ్ళేసరికి ప్రెస్సులో గంపలగూడెం రైతు ఒకాయన కూర్చుని ఉన్నాడు. కూతురి పెళ్ళి. తొందరపడటం లేదు, కోపమూ లేదు. తనకు కావలసింది మాత్రం స్పష్టంగా చెప్పాడు. బుధవారం పొద్దున మంచిదని పంతులు గారు చెప్పారు. తొలి కార్డుకు పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టి, ఆ పూటే పంచడం మొదలుపెట్టాలి. "మంగళారం సాయంత్రానికి చేతికిస్తానంటే ఇక్కడే వేయించుకుంటానండి. కాదంటే ఇప్పుడే చెప్పండి, బెజవాడ బస్సెక్కుతా. మా ఊళ్ళో ఇంకో రెండు పెళ్ళిళ్ళున్నాయి, వాళ్ళూ నేనెక్కడ వేయిస్తే అక్కడేనంటున్నారు," అన్నాడు.

భాయ్ నా ముఖం చూశాడు. ఇస్తామని నేనే చెప్పాను. ఏ ధైర్యంతో చెప్పానో నాకే తెలియదు.

రైతు వెళ్ళాక, కిందటి నెల వేసిన కార్డు ఏదైనా తెరవమన్నాను. దానిలో పేర్లు మార్చి ఈ గండం గట్టెక్కవచ్చని నా ఆలోచన. అతనికి నా మాట అర్థం కాలేదు.

"వేరేది ఏముంటుందండీ? ఉన్నది ఇదొక్కటే."

"మరి ఇన్నేళ్ళుగా వేసిన కార్డులన్నీ?"

"అన్నీ ఇందులోనే వేశాను. పేర్లు తీసి పేర్లు పెట్టడమేగా. మా నాన్న సీసం అక్షరాలతో ఒకసారి కార్డు కట్టాడంటే మళ్ళీ విప్పేవాడు కాదు. పేర్లు, తేదీ, ఊరు పీకి కొత్తవి దూర్చేవాడు. ప్రతి పెళ్ళికీ మొదటినుంచీ ఎవడు కడతాడండీ?"

నేను అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాను. ఇన్నేళ్ళూ నన్ను తిప్పలు పెట్టిన తప్పులన్నీ ఒక్కటేనని అప్పుడు తెలిసింది. ఒక పేరు లావుగా కనపడాలంటే ఆ పేరుకు ముందొక గుర్తు, వెనకొక గుర్తు ఉంటాయి. అవి తెర మీద కనపడవు, ఫైలులో మాత్రం ఉంటాయి. అతను పేరు చెరిపితే పేరు పోయేది, గుర్తుల జత మిగిలిపోయేది. కొత్త పేరుకు కొత్త జత వచ్చేది. రంగుకూ అంతే, మధ్యలో పెట్టడానికీ అంతే. చుట్టుపక్కల ఊళ్ళలో జరిగిన పెళ్ళిళ్ళన్నిటి ఖాళీ గుర్తులూ ఆ ఒక్క కార్డులో పేరుకుపోయాయి. కర్సర్ ఎగిరినా, పేరు పక్కకు జరిగినా, ప్రింటు మసకబారినా కారణం అవే. కార్డుకో కొత్త కాగితం తీసుకునే మనిషినే ఊహించుకుని నేను ప్రోగ్రాము రాశాను. అలాంటి మనిషి దగ్గర అయితే ఈ తప్పు ఎప్పటికీ బయటపడేది కాదు.

కార్డు మళ్ళీ మొదటినుంచీ కట్టి చూశాం. సాయంత్రానికి పూల అంచు, పైన వినాయకుడు కుదిరాయి గానీ కిందిదేదీ కుదరలేదు. ఏళ్ళ తరబడి అతను వెంట్రుకంత వెంట్రుకంత జరిపి తెచ్చుకున్న పొందిక అది. ఆ ప్రయత్నం మానేశాం.

ఆ కార్డు ఫైలును ఫ్లాపీలో తెచ్చుకుని, సోమవారమంతా మా ఇంట్లో కూర్చుని ఖాళీ గుర్తుల జతలను వెతికి తీసేసే చిన్న ప్రోగ్రాము రాశాను. పొద్దున రెండు విడతలు కరెంటు పోయింది. మొదటిసారి నడిపితే ఖాళీ జతలతో పాటు పెళ్ళికొడుకు తండ్రి పేరు కూడా ఎగిరిపోయింది. రెండోసారి రెండు వరసలూ కలిసిపోయి వియ్యాలవారంతా ఒకే కుటుంబమయ్యారు. మా ఆవిడ అన్నం పెట్టి పిలిచి పిలిచి ఊరుకుంది. చివరికి తెచ్చి నా పక్కనే పెట్టి, "రిటైరయ్యాక విశ్రాంతిగా ఉంటారన్నారు. ఉద్యోగంలో ఉన్నప్పుడే నయం, ఆదివారమైనా ఇంట్లో ఉండేవారు," అంది. నాకూ అలాగే అనిపించింది.

మంగళవారం మధ్యాహ్నం ప్రెస్సులో కార్డు తెరుచుకుంది. నొక్కీ నొక్కగానే తెరుచుకుంది. అతను నమ్మలేక మూసి మళ్ళీ తెరిచాడు. పేర్లు మార్చి, ట్రేసింగ్ కాగితం మీద ప్రింటు తీసి, అచ్చు వేసే స్క్రీన్ గుడ్డ మీదికి ఎక్కించి, రైతు వచ్చే వేళకు కార్డులు ఆరబెట్టాడు. ఆయన ఒక కార్డు చేతిలోకి తీసుకుని కూతురి పేరు దగ్గర వేలు పెట్టి చదువుకున్నాడు. మిగతా ఇద్దరినీ శుక్రవారం పంపిస్తానన్నాడు. పంపించాడు కూడా.

ఆ తర్వాత నేను సాయిబు గారిని కూర్చోబెట్టి, నమూనా ఒకటి పక్కన దాచుకుని ప్రతి పెళ్ళికీ దాని నకలు తీసుకోమని వివరంగా చెప్పాను. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, తలూపడం చూస్తే ఎంత అర్థమైందో తెలుస్తుంది. అతను బాగా తలూపాడు. వారం తర్వాత వెళ్ళి చూస్తే మళ్ళీ అదే కార్డు, పేర్లు తీసి పేర్లు పెడుతున్నాడు. చెయ్యి అలా అలవాటు పడిందండీ అన్నాడు. వాదించే ఓపిక లేక ప్రోగ్రామునే మార్చాను. అతను కార్డు దాచిన ప్రతిసారీ ఖాళీ గుర్తులు వాటంతటవే పోయేలా చేశాను. అతనికి ఆ సంగతి తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు.

ఆ సీజన్ నిలబడింది. బావ తన ఆఫీసులో ఇంకెవరినో పెట్టుకున్నాడు.

మళ్ళీ పెళ్ళిళ్ళు మొదలైనప్పుడు అతను విజయవాడ కార్డు ఒకటి పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అందులో వధూవరుల పేర్లు ధనుస్సులా వంపు తిరిగి ఉన్నాయి. అలా రావాలంటున్నారు మాస్టారూ అన్నాడు. ఎలా చేయాలో నాకు లీలగా తెలుసు. దాని వెనక ఏమేం పాడవుతాయో అంతకంటే బాగా తెలుసు.

"ఇక నా వల్ల కాదు భాయ్," అన్నాను.

అతను టీ తాగాడు. మా ఆవిడ ఆరోగ్యం అడిగాడు. వెళ్తూ వెళ్తూ, పోనీలెండి, నేనే ఏదో ఒకటి చూస్తానన్నాడు.

రెండు రోజుల తర్వాత అటుగా వెళ్తే ప్రెస్సులో బల్ల మీదికి వంగి ఉన్నాడు. పేర్లు మామూలుగా ప్రింటు తీసి, కత్తెరతో అక్షరం అక్షరం కత్తిరించి, ట్రేసింగ్ కాగితం మీద వంపుగా అతికిస్తున్నాడు. గాలికి ముక్కలు ఎగిరిపోకుండా ఫ్యాను ఆపుకున్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. పక్కన ఇద్దరు కార్డుల కోసం కూర్చుని ఉన్నారు. నన్ను చూసి తల మాత్రం పైకెత్తి, రండి మాస్టారూ అన్నాడు. నేను లోపలికి వెళ్ళలేదు. కూరగాయల సంచి బరువుగా ఉందని చెప్పి ఇంటికి వచ్చేశాను.